షిప్పింగ్ బిల్లు చదవడం మన పిల్లలకు రావాలి
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

స్కాలర్‌షిప్పుల గురించి మాట్లాడమని కార్యదర్శిగారు అడిగారు. ఆ లెక్కలు ఎలాగూ మీ ముందుకు వస్తాయి. నేను మాత్రం ఒక కాగితం గురించి చెబుతాను. దాని పేరు షిప్పింగ్ బిల్లు.

దర్గా కొండ మీద నిలబడితే హార్బరు కాలువలోకి వచ్చే ఓడ చేతికందేంత దగ్గరగా కనిపిస్తుంది. ఈ పోర్టు 1933లో మొదలైంది. నేనెరిగిన ఇళ్లలో తాతలు అక్కడ మూటలు మోశారు, తండ్రులు క్రేన్లు నడిపారు, లారీలు తోలారు. కాగితం పని మాత్రం మన చేతికి పెద్దగా రాలేదు.

సరుకు ఓడ ఎక్కాలంటే ముందు కాగితం కదలాలి. ఏ సరుకు, ఎంత, ఏ విలువకు, ఏ దేశానికి అన్నది ఎగుమతిదారు కస్టమ్స్‌కు ప్రకటించాలని 1962 నాటి కస్టమ్స్ చట్టం 50వ సెక్షన్ చెబుతుంది. ఆ ప్రకటనే షిప్పింగ్ బిల్లు. ఇప్పుడు ఐస్‌గేట్ పోర్టల్‌లో దాఖలు చేస్తారు. దానికి ఆధారం ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్టు. ప్రతి సరుకుకూ ఎనిమిదంకెల కోడు ఉంటుంది. ఉక్కు 72వ అధ్యాయం, పచ్చి రొయ్య 3వ అధ్యాయం. అదే రొయ్యకు బ్రెడ్ పొడి అద్దితే 16వ అధ్యాయానికి పోతుంది! అన్నీ సరిపోయి అధికారి 'లెట్ ఎక్స్‌పోర్ట్ ఆర్డర్' ఇస్తేనే సరుకు ఓడ ఎక్కుతుంది.

మా బడిలో చదివిన ఒక అబ్బాయి ఇంటర్ అయ్యాక కస్టమ్స్ బ్రోకర్ ఆఫీసులో చేరాడు. లెక్కల్లో చురుకైనవాడే. ఒకరోజు రాత్రి మొహం వేలాడేసుకుని మా ఇంటికొచ్చాడు. రొయ్యల కంటైనరు ఆగిపోయింది. ప్యాకింగ్ లిస్టులో 1,800 పెట్టెలుంటే వీడు 1,080 అని కొట్టాడు. దాఖలు చేసేముందు చెక్‌లిస్టు ఎగుమతిదారుకు పంపితే వాళ్లూ సరేనన్నారు. అంటే ఎవరూ చదవలేదన్నమాట. పెట్టెకు 10 కిలోలు. నికర బరువు మాత్రం 18,000 కిలోలని సరిగ్గానే ఉంది. అధికారి హెచ్చవేసి చూసేసరికి దొరికిపోయింది. నాలుగో తరగతి గుణకారం!

149వ సెక్షన్ కింద దిద్దుకోవచ్చు, దిద్దారు కూడా. కానీ ఈలోపు ఓడ వెళ్లిపోయింది. చల్లని కంటైనరుకు కరెంటు ఆగకూడదు, రోజుకింత అద్దె పడుతూనే ఉంటుంది. అదంతా జీతంలో కోస్తామన్నారట. "ఎలా సరిచూశావురా?" అన్నాను. "తెర మీద చూశాను మేడమ్" అన్నాడు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టించి, స్కేలు ఆన్చి, వరుస వరుసా పైకి చదివించాను. జవాబుపత్రాలు దిద్దే మాకు అదే అలవాటు. బళ్లో అంకె తప్పితే అర మార్కు పోతుంది. అక్కడ ఓడే పోయింది.

ఇది పొరపాటు. రెండోది పొరపాటు కాదు. దాని కోసమే ఈ మైకు పట్టుకున్నాను.

ఒక తల్లి కొడుకుని వెంటబెట్టుకుని వచ్చింది. "మేడమ్‌గారూ, వీడి పేరున ఎగుమతి కంపెనీ పెడతారంట. పాన్ కార్డు, ఆధార్, నాలుగు సంతకాలు ఇస్తే చాలంట. నెలకు 5,000 ఇంటికే తెచ్చిస్తారంట" అంది. మొహంలో సంతోషమే ఉంది, అనుమానం లేదు. అడిగినవాడు పరాయివాడు కాదు, వాళ్ల వీధివాడే.

విదేశానికి సరుకు పంపేవాళ్లకు ఐఈసీ నంబరు ఉండాలి. డీజీఎఫ్‌టీ సైటులో 500 రూపాయల ఫీజుతో వస్తుంది. జీఎస్‌టీ వచ్చాక మన పాన్ నంబరే ఐఈసీ అయింది. కాబట్టి ఐఈసీ అద్దెకివ్వడమంటే పేరు అద్దెకివ్వడమే. ఆ పేరుతో ఏ కంటైనరులో ఏం పోయినా, లేని విలువ చూపించి రీఫండు లాగినా, ప్రకటన ఈ కుర్రాడిదే. తెలిసి తప్పుడు పత్రం మీద సంతకం చేస్తే 114ఏఏ సెక్షన్ కింద సరుకు విలువకు ఐదు రెట్ల దాకా జరిమానా వేయవచ్చు. కోటి రూపాయల సరుకైతే ఐదు కోట్లు. నాకు తెలియదని కుర్రాడు అనవచ్చు. అది నమ్మించుకోవడానికి ఎన్నేళ్లు తిరగాలో!

ఈ హాలులో వ్యాపారులున్నారు. ఎవరినీ ఉద్దేశించి అనడం లేదు. కానీ సొంత పేరున తేలిగ్గా వచ్చే నంబరును వదిలి పేదింటి కుర్రాడి పేరు ఎందుకు కావలసివచ్చిందో, అలా అడిగేవాడిని మీరే నిలదీయాలి. మేం టీచర్లం అడిగితే మాట వినరు. ఆ తల్లి సంతకాలు పెట్టనివ్వలేదు. వాళ్ల పక్కింటి కుర్రాడు పెట్టాడు. ఆ కథ ఈ సభలో చెప్పను.

అప్పటినుంచి ఆదివారాలు పొద్దున మా బడి వరండాలో ఒక క్లాసు నడుపుతున్నాను. 11 మంది వస్తున్నారు, నలుగురు ఆడపిల్లలు. పేర్లు కొట్టేసిన పాత ఇన్వాయిసులు తెచ్చి ప్యాకింగ్ లిస్టుతో పోల్చిస్తాం. కంటైనరు బరువు కూడా తూచి ప్రకటించాలన్న నియమం 2016 జులై 1 నుంచి ఉంది కదా, దానిమీదా లెక్కలు చేయిస్తాం. ఆ 1,080 అబ్బాయే ఇప్పుడు గుణకారం చెబుతున్నాడు. బ్రోకర్ లైసెన్సుకు డిగ్రీ కావాలి, రాత పరీక్షా మౌఖిక పరీక్షా నెగ్గాలి. ముగ్గురు ఆ దారిలో ఉన్నారు.

నాకు కావలసినవి ఒక పాత కంప్యూటరు, ఒక ప్రింటరు, ఆ ముగ్గురి పరీక్ష ఫీజులు. వాటికంటే ముందు, కస్టమ్స్‌లోనో పోర్టులోనో పనిచేసి రిటైరైనవారు మీలో ఉంటే నెలకు ఒక ఆదివారం ఇవ్వండి. లెక్కలు నేను చెప్పగలను. అధికారి బల్లకు అటువైపు కూర్చుని కాగితాన్ని ఎలా చూస్తాడో నాకు తెలియదు. సభ అయ్యాక తలుపు దగ్గరే ఉంటాను, పేరు చెప్పి వెళ్లండి.

సెలవు.