గోడమీది నాచుకు పేరేమి?

ఆషాఢమాసములో తలుపులమ్మ లోవకు వెళ్ళే యాత్రికులు తునిలో దిగేసరికి పాత ఇటుకగోడలూ, నూతిగట్లూ పచ్చని మఖమలు కప్పుకొని వుంటవి. కాలు జారునేమోనని తప్పుకొని నడుస్తాము. "నాచు" అని ఊరుకుంటాము. చెరువులో తేలే శైవలమునకూ ఆ పేరే, గోడపై పెరిగే ఈ మొక్కకూ ఆ పేరే. శాస్త్రజ్ఞుల లెక్కలో ఈ రెండూ వేరు. గోడనాచుకు చిన్ని కాండమూ, ఆకులూ కలవు. అందులోనూ ప్రపంచమున వేలకొలది జాతులున్నవి.

వాటిని గుర్తించుటకు మొదటి సాధనము కన్ను, రెండవది భూతద్దము. బ్రయమ్ అర్జెంటియమ్ ఆకుల కొనలలో పత్రహరితము వుండదు. కనుక అది వెండివలె మెరుస్తుంది. హయోఫిలా ఇన్వొల్యూటా ఆకులు ఎండినప్పుడు లోపలికి చుట్టుకొని, నీటిచుక్క పడగానే నక్షత్రమువలె విచ్చుకుంటవి. ఆకు నడిమి ఈనె, కణముల ఆకృతి, సిద్ధబీజాశయము నోటిచుట్టూ వుండే పళ్ళవరుస కూడా ఆనవాళ్ళే.

అయితే ఆనవాలు ఒక్కొక్కప్పుడు మోసగిస్తుంది. ఒకే జాతి ఎండలో ఒక తీరుగా, నీడలో మరొక తీరుగా పెరుగుతుంది. సిద్ధబీజాశయము చాలాసార్లు దొరకనే దొరకదు. అప్పుడు డి.ఎన్.ఏ. పరీక్ష తోడ్పడుతుంది. నాచులన్నింటిలో మొదటగా 2008లో జన్యుక్రమము ప్రకటింపబడిన మొక్క ఫిస్కోమిట్రెల్లా పేటెన్స్. కాడ దాదాపు లేని పొట్టి సిద్ధబీజాశయమును బట్టి పూర్వులు దానిని వేరొక ప్రజాతిగా ఎంచినారు. జన్యువులను పోల్చి చూడగా, ఆ పొట్టితనము ఒక వంశపు లక్షణము కాదనీ, వేరువేరు శాఖలలో విడివిడిగా ఏర్పడినదనీ తేలినది. అందుచేత శాస్త్రజ్ఞులు నేడు దానిని ఫిస్కోమిట్రియమ్ ప్రజాతిలో చేర్చినారు. మొక్క అదే, ఇంటిపేరు మారినది.

ఇక కంటితో పనిలేదా? ఉన్నది. డి.ఎన్.ఏ. తనంత తాను పేరు చెప్పదు. తెలిసిన నమూనాతో పోల్చినప్పుడే అది సాక్ష్యము. ఆ నమూనాకు మునుపే తప్పు పేరు పెట్టి వుంటే, పరీక్ష ఆ తప్పునే మరల పలుకుతుంది. కనుక కన్నూ, జన్యువూ ఒకదానినొకటి సరిచూచుకోవలె.

కళాశాల విద్యార్థులకు మేము చెప్పగలిగినది ఇంతే: చిటికెడు నాచును నీడన ఆరబెట్టి కాగితపు పొట్లములో దాచండి. దొరికిన చోటు, తేదీ, అది గోడమీదిదో, రాతిమీదిదో పైన వ్రాయండి. ఎండిన నాచు ఏండ్ల తరబడి నిలుస్తుంది. రేపటి పరిశోధకుడు దానిని నీటిలో తడిపి ఆకులు చూడగలడు, జన్యువులనూ పరీక్షింపగలడు. చిరునామా లేని పొట్లము మాత్రము ఎవరికీ కొరగాదు.