గేమ్‌లో అసలు పేరు పెట్టాలా?

మాది అమరచింత. మా దగ్గర ఇంటిపేరుతో కలిపి పేరు చెప్తే చాలు, ఎవరి కొడుకో, ఏ గల్లీనో, కులమేందో కూడా తెలిసిపోతది. బీటెక్‌లో ఉన్నప్పుడు నేను ఒక గేమ్‌లో పూర్తి పేరే పెట్టిన. నా చేతిలో ఓడిపోయినోడు ఒకడు ఆ పేరు పట్టుకొని వెతికి, మా చెల్లెకు మెసేజ్‌లు పెట్టిండు. నాకు కాదు, చెల్లెకు!

ఈ గొడవ పాతదే. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ తెలుసు కదా? ఆ బ్లిజార్డ్ కంపెనీ 2010లో రియల్ ఐడీ తెచ్చింది. అందులో ఫ్రెండ్‌గా యాడ్ చేసుకుంటే అసలు పేరు కనిపిస్తది. అక్కడి దాకా ఓకే. కానీ ఆ ఫ్రెండ్ వాళ్ల ఫ్రెండ్స్‌కి కూడా కనిపిస్తుండె. అంటే మనం ఒప్పుకున్నది ఒక్కడిని, చూసేది వాడి లిస్ట్ మొత్తం. జులై 6న ఇంకో అడుగు వేసిన్రు: కంపెనీ ఫోరమ్‌లో రాయాలన్నా అసలు పేరే ఉండాలన్నరు. ఏం కాదని చూపియ్యడానికి ఉద్యోగి ఒకాయన తన పేరు బయటపెడితే, ప్లేయర్లు కాసేపట్లోనే ఆయన వివరాలన్నీ తవ్వి తీసిన్రు. 9వ తారీఖుకల్లా ఫోరమ్ ప్లాన్ వెనక్కి తీసుకున్నరు.

ఫేస్‌బుక్‌తో లాగిన్ కొట్టే ముందు, ఫ్రెండ్ లిస్ట్ పర్మిషన్ అడుగుతుందా అని ఒకసారి చూడండి. మా చెల్లె ఇప్పుడు నాకన్నా బాగా ఆడుతది. తన గేమ్ పేరేందో నాక్కూడా చెప్పలే.