వెన్నెల వృద్ధుడు – ఎఱ్ఱత్రాడు



పెండ్లి దైవఘటన యను మాట తెలుగునాట ప్రతి యింటను వినబడునదే. చీనాదేశమున ఆ దైవము గుడ్డసంచి మోయు నొక ముదుసలి. తాంగ్ వంశమువారు (618–907) ఏలిన కాలమున, తొమ్మిదవ శతాబ్దిలో, లీ ఫూయెన్ కూర్చిన అద్భుతకథలలో ఈ వృత్తాంతము కలదు.

వెయి గూ అను యువకుడు చిన్ననాటనే తండ్రిని కోల్పోయెను. ఎన్ని సంబంధములు వెదకినను కుదురలేదు. సోంగ్‌చెంగ్ పట్టణమున సత్రములో దిగియుండగా, ఒక సంబంధము మాటలాడుటకు మఱునాటి వేకువను లోంగ్‌షింగ్ బౌద్ధాలయము కడకు రమ్మని కబురు వచ్చెను. ఆతురతచే తెల్లవాఱకమునుపే పోయెను. మెట్లపై నొక వృద్ధుడు సంచి నానుకొని వెన్నెలలో గ్రంథము చదువుచుండెను. వెయి గూ తొంగిచూచెను. ఒక్క యక్షరము తెలియలేదు. ఆతనికి మన దేశపు సంస్కృత లిపి సైతము చదువ వచ్చునట! బౌద్ధముతో మన యక్షరములు చీనా పండితుల చేతికెక్కిన కాలమది. ఆ విద్యయు నాడు అక్కఱకు రాలేదు. అది పరలోకపు పుస్తకము; చిత్రగుప్తుని చిట్టాకు దాయాది. ఐనను ఈ వృద్ధుని పద్దులన్నియు వివాహములే.

సంచిలో నున్నవి ఎఱ్ఱత్రాళ్లు. పుట్టినప్పుడే ఆలుమగల పాదములకు ముడివేయుదుననియు, పగవారి బిడ్డలైనను, కలిమిలేముల దూరమెంతున్నను ఆ ముడి వీడదనియు వృద్ధుడు చెప్పెను. "నీ భార్యకిప్పుడు మూడేండ్లు; పదునేడవయేట నీ యింట కాలుపెట్టును" అని, అంగడికి తోడ్కొనిపోయి, కూరలమ్ము ఒంటికంటి ముదుసలి చంకలోని పిల్లను చూపెను.

వెయి గూ మండిపడెను. పెద్దయింటివానికి ఈ పిల్లయా? "దీనిని చంపవచ్చునా?" అని యడిగెను. కొడుకు వలన బిరుదు పొందవలసిన పిల్ల, చంప శక్యముగాదని చెప్పి వృద్ధుడు మాయమయ్యెను. యువకుడు కత్తి నూరి సేవకునిచేతి కిచ్చి, పదివేల కాసులిత్తుననెను. సంతగుంపులో వాడు గుండెకు గురిపెట్టగా పోటు కనుబొమల నడుమ తగిలెను.

14 ఏండ్లు గడచెను. వెయి గూ కొలువులో చేరెను. శియాంగ్‌జౌ పాలకుడు వాంగ్ తై ఆతని పనితనము మెచ్చి కన్య నిచ్చెను. చక్కని పిల్ల. కాని కనుబొమల నడుమ చిన్న పూవుబిళ్ల నెప్పుడు నంటించుకొనియుండును, స్నానమప్పుడును తీయదు. ఏడాది దాటిన పిమ్మట భర్త గ్రుచ్చియడుగగా ఆమె కన్నీరు కార్చెను.

"నేను పాలకుని కూతురను గాను, తమ్ముని వంటివాని బిడ్డను గాక, సోదరుని బిడ్డను. నా తండ్రి సోంగ్‌చెంగ్ అధికారిగా నుండి మరణించెను. తల్లియు సోదరుడును పోయిరి. చెన్ అను దాది కూరలమ్మి నన్ను సాకినది. మూడవయేట సంతలో నెవడో దుండగుడు పొడిచెను. ఇది ఆ మచ్చ."

"ఆ దాదికి ఒక కన్ను లేదా?"

"అవును. మీకెట్లు తెలియును?"

"పొడిపించినవాడను నేనే."

జైమిని భారతము చదివినవారికి చంద్రహాసుడు తలపునకు రాకమానడు. అచ్చటను తలారులు బాలుని చంపలేక ఆఱవ వ్రేలు నఱికి విడిచిరి. విషము పెట్టుమన్న లేఖ విషయ నిచ్చి పెండ్లిచేయుమన్నదిగా మాఱెను. ఐనను దుష్టబుద్ధి అల్లుడైన వానిని మఱల చంపజూచెను. వెయి గూ తన నేరము నోటితో నొప్పుకొనెను. అంతయు విధియని తప్పించుకొనవచ్చును గదా! వృద్ధుడు ముడివేసినది పాదములకే; కత్తి మాట ఆయన చెప్పలేదు, అది వెయి గూ స్వంత పద్దు. పిల్ల అధికారి బిడ్డయని తేల్చుట మాత్రము కథకుని మొగమాటము. దాది కన్నబిడ్డయే యైనచో ఆ పోటు చిన్నదగునా?

ఆలుమగలు నాటినుండి ఒకరినొకరు మఱింత గౌరవించుకొనిరి. కొడుకు యెన్‌మెన్ పాలకుడయ్యెను, తల్లికి బిరుదు వచ్చెను. సోంగ్‌చెంగ్ అధికారి ఈ సంగతి విని ఆ సత్రమునకు ‘పెండ్లి నిశ్చయపు సత్రము’ అని పేరు పెట్టించెను. నేటికిని తైవాన్‌లోని తైపే నగరమున శియాహై నగరదేవతాలయములో ఆ వృద్ధుని విగ్రహమున్నది. పెండ్లికాని యువతీయువకులు వచ్చి మ్రొక్కి, ఎఱ్ఱదారము తీసికొని పోవుచుందురు.