అప్రెంటిస్‌గా చేరుతున్నారా? ముందు కాంట్రాక్ట్ కాగితం అడగండి

ఈ రోజు ఎపిసోడ్ కొంచెం ఇంటి విషయం. ఐటీఐ చేసిన వాళ్లు, చేస్తున్న వాళ్లు, పదో తరగతి అయిపోయి ఏం చెయ్యాలో తేలక కూర్చున్న వాళ్లు తప్పకుండా చూడండి. వాళ్ల అన్నయ్యలు, అక్కలు ఇంకా తప్పకుండా చూడండి. ఎందుకంటే ఈ కథలో తప్పు సలహా ఇచ్చిన అన్నయ్యని నేనే.

ముందు నా సంగతి చెప్తాను. నాది బీటెక్ మెకానికల్. ఫస్టియర్‌లో వర్క్‌షాప్ ల్యాబ్ ఉంటుంది, చదివిన వాళ్లకి గుర్తుండే ఉంటుంది. ఫిట్టింగ్, కార్పెంట్రీ, టిన్ స్మితీ, హౌస్ వైరింగ్. ఫిట్టింగ్‌లో వీ-ఫిట్ అని ఒక జాబ్ ఇస్తారు. రెండు ఇనప ముక్కలు. ఒకదాంట్లో వీ ఆకారంలో గాడి కొయ్యాలి, రెండోదానికి ఆ గాడిలో సరిగ్గా కూర్చునే ముక్కు తియ్యాలి. మా బ్యాచ్‌లో చాలామంది ఏం చేశారో తెలుసా? సీనియర్లు వదిలేసిన ముక్కలు తెచ్చి, తుప్పు గీకేసి, పాత నంబర్ మీద కొత్త నంబర్ పంచ్ కొట్టి సబ్మిట్ చేశారు. నేనూ అంతే. 25కి 23 మార్కులు వచ్చాయి. తర్వాత క్యాంపస్ ప్లేస్‌మెంట్, సాఫ్ట్‌వేర్, నాలుగేళ్లు జావా. ఆకురాయి మళ్లీ ముట్టుకోలేదు. డిగ్రీ కాగితం మీద మాత్రం నేను మెకానికల్ ఇంజనీర్‌నే.

మా బాబాయి విజయవాడ ఆటోనగర్‌లో లేత్ మీద పని చేస్తారు. పధ్నాలుగేళ్లప్పుడు షెడ్డులో చేరారు. మొదటి ఏడాదంతా డీజిల్‌తో పార్టులు కడగడం, మేస్త్రి అడిగిన పానా అందించడం, టీ తేవడం. మిషన్ ముట్టుకోనిచ్చింది రెండో ఏడు. ఇప్పుడు బోల్టు మర మీద వేలు పెట్టి పిచ్ ఎంతో చెప్పేస్తారు. నేను గేజ్ పెట్టి చూసేలోపు ఆయన వేరే పనిలోకి వెళ్లిపోతారు. కానీ ఆయన దగ్గర ఒక్క కాగితం లేదు. ఒకసారి గల్ఫ్ వెళ్దామనుకుంటే ఏజెంట్ మొదట అడిగింది ట్రేడ్ సర్టిఫికెట్. అక్కడితో ఆ మాట ఆగిపోయింది. అందుకే బాబాయికి ఒకటే పట్టుదల, కొడుకు చేతికి పనీ రావాలి, కాగితమూ రావాలి.

ఆ కొడుకే మా తమ్ముడు. ఇంటర్ తర్వాత ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ తీసుకున్నాడు. రెండేళ్ల కోర్సు. చుట్టాల్లో కొందరు "అయ్యో, ఇంజనీరింగ్ సీటు రాలేదా" అన్నారు. ఆ మాట అన్న వాళ్లలో ఒకాయన కొడుకు ఇంజనీరింగ్ అయ్యి మూడేళ్లుగా అమీర్‌పేటలో కోర్సు మీద కోర్సు చేస్తున్నాడు. అది వేరే ఎపిసోడ్ లెండి.

ఫిట్టర్ అంటే స్పానర్‌తో బోల్టులు బిగించే పని అనుకుంటాం కదా. నేనూ అలాగే అనుకునేవాడిని. మొదటి నెలలు వాడు చేసిందల్లా ఆకురాయి పట్టడం. ఒక మైల్డ్ స్టీల్ ముక్కని వైస్‌లో బిగించి, పై ముఖం చదునుగా వచ్చేదాకా రాకడం. వినడానికి ఏముంది అనిపిస్తుంది. ఆకురాయి పళ్లు ముందుకు తోసినప్పుడే కోస్తాయి, వెనక్కి లాగేటప్పుడు నొక్కు తియ్యాలి. తోసేటప్పుడు చెయ్యి కొంచెం ఊగినా మధ్యలో ఉబ్బు వస్తుంది, అంచులు కిందికి పోతాయి. ట్రై స్క్వేర్ పెట్టి వెలుతురుకి ఎదురుగా చూస్తే మొత్తం బయటపడుతుంది. ఎక్కడ సందుందో అక్కడ గీతలాగా వెలుగు కనిపిస్తుంది. ఇంకా సన్నగా చూడాలంటే సర్ఫేస్ ప్లేట్ మీద నీలం రంగు పూసి ముక్కని రుద్దుతారు. ఎత్తుగా ఉన్న చోటే రంగు అంటుకుంటుంది, అక్కడ మాత్రమే గీకాలి. కోర్సు ముందుకు వెళ్లేసరికి అడిగే కొలత ప్లస్ ఆర్ మైనస్ 0.04 మిల్లీమీటర్లు. తల వెంట్రుక మందం సుమారు 0.07 ఉంటుంది. అంటే వెంట్రుకలో సగం తేడా, అదీ చేత్తో. నా 23 మార్కుల వీ-ఫిట్ గుర్తొచ్చి నేను నోరు మూసుకున్నాను.

ఇక అసలు విషయం. ఐటీఐ పాసయ్యాక అప్రెంటిస్ చెయ్యాలి అన్నాడు. ఒక కన్సల్టెన్సీ వాళ్లు ఫోన్ చేశారు. పెద్ద కంపెనీ, అప్రెంటిస్‌షిప్, ఏడాది తర్వాత సర్టిఫికెట్, రేపే చేరాలి అన్నారు. వాడు నాకు ఫోన్ చేసి "అన్నయ్యా, చేరనా?" అన్నాడు. నేను ఆఫీసులో మీటింగ్ మధ్యలో ఉన్నాను. "కంపెనీ పేరు రెజ్యూమేలో ఉంటే చాలురా, చేరిపో" అన్నాను. సాఫ్ట్‌వేర్ వాళ్ల బుర్ర అది, మాకు కంపెనీ పేరే అన్నీ. కంపెనీ పేరు ఇక్కడ చెప్పను. పదకొండు నెలలు వాడు చేసింది డబ్బాలకి టేపు వెయ్యడం, ప్యాలెట్లు తొయ్యడం, షిఫ్ట్ అయ్యాక నేల ఊడవడం. ఒక్కరోజు కూడా వెర్నియర్ చేతికి ఇవ్వలేదు. చివర్లో సర్టిఫికెట్ అడిగితే కన్సల్టెన్సీ వాళ్లు ఒక లెటర్ ఇచ్చారు. పోర్టల్‌లో వెతికితే వాడి పేరు మీద కాంట్రాక్టే లేదు. చట్టం లెక్కలో వాడు ఎప్పుడూ అప్రెంటిస్ కాదు. ఏడాది పోయింది.

వాడు నన్ను ఒక్క మాట అనలేదు. బాబాయి మాత్రం "నువ్వు చదువుకున్నోడివి కదరా, ఒకసారి చూసి చెప్పాల్సింది" అన్నారు. ఆ రాత్రి కూర్చుని చట్టం చదివాను. అది చేరకముందు చెయ్యాల్సిన పని. నేను చదివింది మీకు చెప్తాను.

మన దేశంలో అప్రెంటిసెస్ చట్టం 1961లో వచ్చింది. దాని ప్రకారం యజమానికీ అప్రెంటిస్‌కీ మధ్య రాతపూర్వకమైన కాంట్రాక్ట్ ఉండాలి, అది రిజిస్టర్ కావాలి. ఇప్పుడు ఆ రిజిస్ట్రేషన్ అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్‌లో జరుగుతుంది. మీ లాగిన్‌లో కాంట్రాక్ట్ కనపడాలి, ట్రేడ్ పేరు, మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ, స్టైపెండ్ అన్నీ ఉండాలి. మీరు ఫిట్టర్ అయ్యుండి అక్కడ ఇంకేదో పేరు ఉంటే అక్కడే ఆగి అడగండి. "రెండు మూడు నెలల తర్వాత ఎక్కిస్తాం" అంటే ఎక్కించరు అనే అర్థం చేసుకోండి. నా తమ్ముడికీ అదే చెప్పారు.

ఇంకొకటి, ఇది చాలామందికి తెలీదు. ట్రైనింగ్‌కి సంబంధం లేని పని అప్రెంటిస్‌తో చేయించడం ఆ చట్టం ప్రకారం తప్పు. పీసుకి ఇంత అని లెక్కకట్టి డబ్బులివ్వడం కూడా తప్పు. ఎందుకంటే మీరు అక్కడ ఉత్పత్తి పెంచడానికి వెళ్లలేదు, నేర్చుకోవడానికి వెళ్లారు. దీనికి ఇంకో వైపు కూడా ఉంది, అది దాచను. చట్టం దృష్టిలో అప్రెంటిస్ కార్మికుడు కాదు, ట్రైనీ. ఏడాది అయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలన్న రూలు లేదు. అయితే ఫ్యాక్టరీలో భద్రత, ఆరోగ్యం విషయంలో కార్మికులకి వర్తించేవి మీకూ వర్తిస్తాయి, పనిలో దెబ్బ తగిలితే నష్టపరిహారం కూడా. సేఫ్టీ బూట్లు, కళ్లద్దాలు అడగడానికి మొహమాటపడకండి.

డబ్బు సంగతి. 2019లో మార్చిన నిబంధనల్లో ఐటీఐ పాసైన వాళ్లకి నెలకి కనీసం 7,000, డిప్లొమా వాళ్లకి 8,000, డిగ్రీ వాళ్లకి 9,000 అని పెట్టారు. చేరేముందు అప్పటికి అమల్లో ఉన్న అంకె పోర్టల్‌లో చూసుకోండి, అంతకంటే తక్కువ ఇవ్వడానికి వీల్లేదు. అదే నిబంధనల్లో 30 మంది, అంతకంటే ఎక్కువ ఉన్న సంస్థలు తమ సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లని తప్పనిసరిగా తీసుకోవాలని ఉంది. నలుగురున్న చిన్న షెడ్డు కూడా ఇష్టమైతే తీసుకోవచ్చు. ఈ మాట బాబాయికి చెప్తే ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తన షెడ్డులో ఇన్నేళ్లలో ఎంతమంది కుర్రాళ్లు కాగితం లేకుండా పని నేర్చుకుని వెళ్లారో లెక్కపెట్టుకుంటున్నారనుకుంటా.

ఎవరైనా చేర్చుకోవడానికి డబ్బులు అడిగితే అక్కడి నుంచి వచ్చెయ్యండి. దీని మీద ఇంకేం చెప్పక్కర్లేదు.

మరి ఎక్కడ చేరాలి? ఆర్టీసీ డిపోల్లో ఐటీఐ వాళ్లని అప్రెంటిస్‌లుగా తీసుకుంటారు, డీజిల్ మెకానిక్, ఎలక్ట్రీషియన్, వెల్డర్ ఇలాంటి ట్రేడుల్లో. వైజాగ్‌లో నేవల్ డాక్‌యార్డ్‌కి సొంత అప్రెంటిస్ స్కూలే ఉంది. పదో తరగతి తర్వాత నేరుగా టూల్ రూమ్ పని వైపు వెళ్లాలనుకుంటే హైదరాబాద్ బాలానగర్‌లో సీఐటీడీ ఉంది, 1968లో మొదలైంది. అక్కడ టూల్, డై, మౌల్డ్ మేకింగ్‌లో నాలుగేళ్ల డిప్లొమా ఉంటుంది. రైల్వేలో అయితే అప్రెంటిస్‌కి రాతపరీక్ష లేదు, పదో తరగతి, ఐటీఐ మార్కుల సగటు చూసి మెరిట్ లిస్ట్ వేస్తారు. చదువు అక్కడితో ఆగిపోతుందన్న భయం కూడా వద్దు. ఐటీఐ నుంచి పాలిటెక్నిక్ రెండో ఏడాదికి, డిప్లొమా అయ్యాక ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదికి వెళ్లే దారి ఉంది. మా కాలేజీలో అలా వచ్చినవాడు ఒకడుండేవాడు. వర్క్‌షాప్‌లో ల్యాబ్ అసిస్టెంట్ కూడా వాడినే పిలిచి అడిగేవాడు.

తమ్ముడు రెండోసారి రైల్వేకి దరఖాస్తు పెట్టాడు. లాలాగూడ క్యారేజ్ వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌గా వచ్చింది, ఒక ఏడాది. సరిగ్గా అదే వారం పాత చోటి నుంచి ఫోన్. ప్యాకింగ్ లైన్‌లో కాంట్రాక్ట్ ఉద్యోగం, చేతికి 17,000. ఇంట్లో పరిస్థితి ఏంటంటే, బాబాయికి భుజం పట్టేసి రోజూ లేత్ దగ్గర నిలబడలేకపోతున్నారు. పిన్ని గాజులు బ్యాంకులో ఉన్నాయి. నెలకి 10,000 తేడా అంటే ఏడాదికి లక్షా ఇరవై వేలు. మోటివేషన్ వీడియోల్లో "స్కిల్ ముఖ్యం, డబ్బు కాదు" అని చెప్పడం తేలిక, నేనే రెండు చేశాను. ఆ లక్షా ఇరవై వేలు ఎవరు తెస్తారు?

ఈసారి మీటింగ్ మధ్యలో కాదు, విజయవాడ వెళ్లి కూర్చున్నాను. అప్రెంటిస్ అయ్యి ఆలిండియా ట్రేడ్ టెస్ట్ పాసైతే నేషనల్ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ వస్తుంది. రైల్వే సంస్థల్లో అప్రెంటిస్ పూర్తి చేసిన వాళ్లకి లెవెల్-1 పోస్టుల్లో 20 శాతం కోటా ఉంది. అయినా పరీక్ష రాయాలి, నోటిఫికేషన్ కోసం ఎదురుచూడాలి, గ్యారంటీ ఏమీ లేదు. ఇదంతా ఉన్నదున్నట్టు చెప్పాను. ఉండటం నా ఫ్లాట్‌లోనే, తిండి ఖర్చు లేదు. బ్యాంకు వడ్డీ ఈ ఏడాది నేను కడతానన్నాను. పిన్ని వద్దంది. "సాయం కాదు పిన్నీ, ఆ పోయిన ఏడాదిలో నా వాటా ఉంది" అన్నాను. బాబాయి వాడిని అడిగింది ఒకటే: "అక్కడ మైక్రోమీటర్ చేతికిస్తారా?" వాడు "ఇస్తారు నాన్నా" అన్నాడు. "అయితే వెళ్లు."

చేరే రోజు గేటు దాకా నేనూ వెళ్లాను. వాడు లోపలికి వెళ్లేముందు ఫోన్ తీసి పోర్టల్‌లో కాంట్రాక్ట్ నంబర్ చూపించాడు. నేను అడగలేదు, వాడే చూపించాడు.

ఇప్పుడు మూడో నెల. రాత్రి వచ్చి బోగీల గురించి, స్ప్రింగుల గురించి చెప్తాడు. నాకు సగం అర్థమవుతుంది. పోయిన నెల రాణిగంజ్ నుంచి ఒక చిన్న వైస్, ఒక ఆకురాయి, అరచేయంత ఇనప ముక్క తెచ్చి బాల్కనీలో బిగించాడు. "నువ్వు ఎగ్గొట్టిన ల్యాబ్ ఇక్కడ చెయ్యి" అన్నాడు. మూడు ఆదివారాలు అయ్యింది. ట్రై స్క్వేర్ పెడితే రెండు అంచుల్లోనూ ఇంకా వెలుగు కనిపిస్తోంది. నిన్న వాడు వెనక నిలబడి చూసి అన్నాడు: "తోపు చివరికొచ్చేసరికి ఎడం చెయ్యి వదులు చెయ్యి అన్నయ్యా."