లెక్క కుదిరిననే మాట చేరును
(యువజన కంప్యూటరు తరగతుల ప్రారంభసభలో చేసిన ప్రసంగపాఠము)

 

లిస్ప్ అను ప్రోగ్రామింగ్ భాషను గూర్చి, అందు ప్రోగ్రాములు దూరమునుండి పరస్పరము మాటాడుకొను విధమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు కోరినారు. మేము వర్తకులము, పండితులము కాము. అయినను ఈ విషయమున మన భాషకు సంబంధించిన చిక్కొకటి కలదు గనుక అంగీకరించితిమి.

లిస్ప్‌ను 1958లో అమెరికాలోని ఎం.ఐ.టి. యందు జాన్ మెకార్తీ రూపొందించెను. ఇందు ప్రోగ్రామును, సమాచారమును గూడ కుండలీకరణముల నడుమ పట్టికలుగానే వ్రాయుదురు. కావున ఒక ప్రాసెస్, అనగా నడచుచున్న ప్రోగ్రాము, తన పట్టికను అక్షరరూపమున పంపినచో, వేరొక ఊరి ప్రాసెస్ దానిని చదివి మరల అదే పట్టికను కట్టుకొనగలదు.

1994 నాటి కామన్ లిస్ప్ ప్రమాణము నెట్‌వర్కును గూర్చి ఏమియు చెప్పలేదు. ఎస్.బి.సి.ఎల్. మొదలగునవి తమ సాకెట్ సాధనములను తామే సమకూర్చుకొన్నవి. ఆ భేదములను సర్దుటకు యూసాకెట్ అను లైబ్రరీ ఉన్నది. సాకెట్ అనగా రెండు ప్రాసెస్‌ల నడుమ త్రోవకు ద్వారము వంటిది.

ఆ త్రోవలో టి.సి.పి. పద్ధతిని బైట్లు పంపిన వరుసలోనే చేరును. కాని ఒక సందేశమెచట ముగిసినదో ఆ పద్ధతి తెలుపదు. కాలువలో రెండు కుండల నీరు పోసినచో, దిగువనున్నవాడు ఏ నీరు ఏ కుండదో ఎట్లు చెప్పగలడు? అందుచేత ముందు పొడవు చెప్పి పిదప సందేశము పంపుదురు. ఈమాక్స్ ఎడిటరును లిస్ప్ ప్రాసెస్‌తో కలుపు స్లైమ్ అను సాధనము ఇట్లే ప్రతి సందేశమునకు ముందు ఆరంకెలలో దాని పొడవును పంపును.

ఇచటనే మన భాషకు గండము. హోసూరునుండి బరంపురమునకు ‘తెలుగు’ అను పదమును పంపితిమనుకొనుడు. మన కంటికి అక్షరములు 3. యూనికోడ్ లెక్కలో గుణింతపు గుర్తులు వేరుగా ఎంచబడును గనుక 6. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క గుర్తునకు 3 బైట్లు గనుక మొత్తము 18. పంపువాడు 6 అని చెప్పి, అందుకొనువాడు 6 బైట్లు మాత్రమే తీసికొన్నచో అతనికి చేరునది ‘తె’ మాత్రమే! మిగిలిన 12 బైట్లు త్రోవలోనే నిలిచి, తరువాతి సందేశపు పొడవుగా చదువబడును. అచటినుండి సర్వము తారుమారు.

ఆంగ్లమున ఒక అక్షరమునకు ఒక బైటే గనుక ఈ దోషము బయటపడదు. అపుడు ‘ప్రోగ్రాము సరియే, తెలుగే తంటా, పేర్లు ఆంగ్లమున వ్రాయుడు’ అందురు. మనవంటి అల్పసంఖ్యాకులకు ఇట్టి సలహా క్రొత్త కాదు. దోషము భాషది కాదు, లెక్కది. ముందు పదమును యూటీఎఫ్-8 బైట్లుగా మార్చి, పిదప ఆ బైట్లనే లెక్కింపవలెను. ఇరుప్రక్కల అదే పద్ధతిని స్పష్టముగా నిర్ణయింపవలెను.

మరియొక హెచ్చరిక. లిస్ప్ పాఠకయంత్రము హాష్ గుర్తును, చుక్కను ప్రక్కప్రక్కన చూచినచో, తరువాతి దానిని చదువుచుండగనే అమలుపరచును. ఉత్తరము విప్పినంతనే గల్లాపెట్టె తెరచుకొన్నట్లు! బయటినుండి వచ్చినదానిని చదువునపుడు రీడ్-ఈవల్ అను చలరాశిని నిల్ చేసి ఆ శక్తిని తొలగింపుడు. తెలియనివారి సందేశమును చదువవచ్చును గాని శిరసావహింపరాదు.

చిరంజీవులారా! మీరు వ్రాయు ప్రతి ప్రోగ్రామును మొదట మీ అవ్వ పేరును తెలుగున పంపి పరీక్షింపుడు. ఆ పేరు ఆవలి ఊరికి చెక్కుచెదరక చేరిన నాడే పని ముగిసినదని తలంపుడు.

సెలవు.