హోప్ దీవికి ప్రయాణపు ఏర్పాట్లు

(తన్లిన్‌లో తెలుగు కుటుంబాల ఉత్సవ సభలో చదివిన ప్రసంగం)

 

ఈ ఏడు మమ్మల్ని ప్రయాణాల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మేము ప్రయాణాలు చేసినవాళ్ళం కాము, చేయబోతున్నవాళ్ళం. అందుచేత చూసి వచ్చిన వింతలు చెప్పలేము గాని, బయలుదేరడానికి ఏడాదిగా పడుతున్న పాట్లు మాత్రం చెప్పగలం. మేము అంటే ముగ్గురు అన్నదమ్ములం, మా ఇళ్ళవాళ్ళు, పిల్లలు, మా మేనత్త. కలిసి పదకొండుమందిమి.

ఈ మాట మొదలుపెట్టింది మా తమ్ముడి కొడుకు. వాడు ఓడ మీద పని చేస్తాడు. ఓడ మధ్యధరా సముద్రంలో మాల్టా దీవి దగ్గర ఆగినప్పుడు ఫొటోలు పంపాడు. నీలపు నీళ్ళు, తేనెరంగు రాతి మేడలు, మబ్బు తునక లేని ఎండ. అవి చూసినప్పటి నుంచి పిల్లలకు ఇంట్లో కాలు నిలవలేదు. ఒక్కసారి విమానమెక్కి అందరం అటువంటి దీవికి సెలవులకు వెళ్ళాలని పట్టు పట్టారు. మా అన్నయ్య కాగితం, పెన్సిలు తీసుకుని లెక్కకు కూర్చున్నాడు. ఇక్కడి నుంచి అంతదూరం ఒక్క విమానంలో పోయేది కాదు, దారిలో మారాలి. ఐరోపా వీసా కావాలి. దానికి బ్యాంకు కాగితాలు కావాలి. పదకొండుమందికి టికెట్లు అనేసరికి పెన్సిలు ఆగిపోయింది.

"ఎండ కోసం అంతదూరం పోవాలా? మనకేమన్నా ఎండ కరువా?" అని మా వదిన అడిగింది. అందరం నవ్వాం. "ఎండ కాదు పెద్దమ్మా, దీవి" అని చిన్నపిల్ల ఏడుపు మొహం పెట్టింది. అప్పటిదాకా చిక్కుడుకాయలు తుంచుకుంటూ కూర్చున్న మా అత్తయ్య తల ఎత్తకుండానే, "దీవి మనకీ ఉంది" అంది.

అత్తయ్య చెప్పింది ఇది. ఆవిడ తండ్రి, అంటే మా తాత, మేస్త్రీ వెంట కాకినాడ రేవులో పొగఓడ ఎక్కి ఈ ఊరు వచ్చాడు. అప్పుడు దీన్ని సిరియం అనేవారు. బర్మా ఆయిల్ కంపెనీ వారి రిఫైనరీలో కూలి. కాకినాడలో పెద్ద ఓడ గట్టుకు ఆనేది కాదు, నీళ్ళు లోతు చాలవు. దూరంగా సముద్రంలో లంగరు వేసి ఉంటే మనుషుల్ని, మూటల్ని పడవల మీద తీసుకుపోయి ఎక్కించేవారు. ఓడ కదిలాక ఊరు మాసిపోయింది, చెట్లు మాసిపోయాయి, చివరకు ఒక తెల్లటి ఇసుకదిబ్బ మాత్రం చాలాసేపు కనిపించిందట. "ఆ దిబ్బ దాటాక మరి చూడ్డానికేం లేదే అమ్మా" అని తాత ఆవిడతో చెప్పేవాడట. 1942 మార్చిలో జపాను వాళ్ళు వస్తున్నారని రిఫైనరీని తగలబెట్టినప్పుడు చాలామంది కాలినడకన ఇండియా దారి పట్టారు. తాత వాళ్ళతో పోలేక ఇక్కడి పల్లెల్లోనే తలదాచుకున్నాడు. మళ్ళీ ఆ ఒడ్డు చూడలేదు.

ఆ ఇసుకదిబ్బ పేరు హోప్ దీవి. గోదావరి తెచ్చి పోసిన ఇసుకతో, ఒండ్రుతో సుమారు రెండు వందల ఏళ్ళలో పెరిగిన నేల అది. పొడవు దాదాపు 16 కిలోమీటర్లు. వెడల్పు బహు తక్కువ. కాకినాడ రేవుకు అలల దెబ్బ తగలకుండా అడ్డుగోడలా పడుకుని ఉంటుంది. ఒక లైట్‌హౌసు, కొన్ని మత్స్యకారుల ఇళ్ళు, మిగిలిందంతా ఇసుక, సముద్రం. ఎదురుగా ఒడ్డున కోరంగి మడ అడవులు. 1978లో వాటిని అభయారణ్యంగా ప్రకటించారు. అడవిలోకి చెక్కవంతెన వేశారు, దాని మీద నడుచుకుంటూ పోవచ్చు.

కోరంగి అనే మాట దగ్గర ఒక క్షణం ఆగుతాము. ఈ దేశంలో మన తెలుగువాళ్ళను పూర్వం కోరంగీలు అనేవారని ఇక్కడున్న ప్రతి తాతకూ, మామ్మకూ తెలుసు. శ్రీకాకుళం నుంచి వచ్చినా, విశాఖపట్నం నుంచి వచ్చినా అందరికీ అదే పేరు. అనేవాళ్ళు మర్యాదగా అనేవారని చెప్పలేం. 1930 మే నెలలో రంగూన్ రేవులో మన కూలీలకూ బర్మా కూలీలకూ మధ్య జరిగిన కొట్లాటల నాడు ఆ పేరు మనిషి ప్రాణం మీదికి తెచ్చేది. కాని అది అసలు ఒక ఊరి పేరు, ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. 1789లో ఒక ఉప్పెన, 1839 నవంబరులో ఇంకొకటి వచ్చి ఆ రేవును ముంచేశాయి. వ్యాపారం కాకినాడకు పోయింది. ఊరు చిన్నదైపోయాక కూడా దాని పేరు మాత్రం సముద్రం దాటి వచ్చి మన నెత్తిన కూర్చుంది. మా పిల్లలకు ఆ పేరు తిట్టుగానే తెలుసు. బడిలో విని వచ్చారు. అది మ్యాపులో చూపించేసరికి ఇంట్లో అంతా కాసేపు మాట్లాడలేదు.

మ్యాపులో ఇంకో విచిత్రం కనబడింది. మన తన్లిన్ 16 డిగ్రీల 46 నిమిషాల అక్షాంశం మీద ఉంది, కాకినాడ ఇంచుమించు 17 డిగ్రీల మీద ఉంది. అంటే ఒకే వరుస. నది దిగి సముద్రంలో పడి నేరుగా పడమటికి పోతే దాదాపు 1500 కిలోమీటర్లకు ఆ దిబ్బ తగులుతుంది. ఇక్కడ తెల్లవారిన గంటకు అక్కడ తెల్లవారుతుంది. పొగఓడ రోజుల్లో మూడు నాలుగు రోజుల్లో పోయేవారట. ఇప్పుడు విమానాల కాలంలో ఎంత పడుతుందో చూడండి.

నేరుగా పోయే విమానం లేదు. యాంగోన్ నుంచి కోల్‌కతాకు రెండు గంటల లోపు ప్రయాణం, కాని రోజూ ఉండదు. అక్కడి నుంచి హౌరా–చెన్నై లైను మీద రైల్లో సామర్లకోట జంక్షను దాకా దాదాపు ఒక పగలూ ఒక రాత్రీ. సామర్లకోట నుంచి కాకినాడ దగ్గరే. రెండో దారి బ్యాంకాక్ మీదుగా. బ్యాంకాక్ నుంచి విశాఖపట్నానికి 2024లో నేరుగా విమానం మొదలుపెట్టారు. అటువంటివి ఒక సీజనులో ఉంటాయి, ఒక సీజనులో ఉండవు కనుక టికెట్టు కొనేముందు కనుక్కోవాలి. మేము మొదటి దారే ఎంచుకున్నాం. అన్నయ్యకు ఖర్చు తక్కువ, పిల్లలకు పొగబండి సరదా. (పొగబండి అంటే అక్కడివాళ్ళు నవ్వుతారట. మన తెలుగు తాతల నాటిదే కదా. నవ్వనివ్వండి.) రైలు టికెట్లు 60 రోజుల ముందు నుంచే ఇస్తారు. 2024 నవంబరు దాకా 120 రోజుల ముందు ఇచ్చేవారు. ఇంకో మాట. మన క్యాట్లు అక్కడ మార్చేవాళ్ళు దొరకడం కష్టం. డాలర్లే పట్టుకెళ్ళాలి.

ఎప్పుడు వెళ్ళాలన్న దాని మీద మా ఇంట్లో జరిగిన యుద్ధం చెప్పాలంటే ఈ సభ చాలదు. మా వదినకు సంక్రాంతికి వెళ్ళాలని. ఆ రోజుల్లో అక్కడ రైళ్ళలో నిలబడడానికి కూడా చోటుండదు. పైగా ఇక్కడ బడులు నడుస్తూ ఉంటాయి. పిల్లలు తింజాన్ సెలవులకు అన్నారు. ఏప్రిల్‌లో కాకినాడ ఎండలకు మాల్టా ఎండ పనికిరాదు. పైగా మధ్యధరా దీవుల్లో వేసవి పొడిగా ఉండి వానలు చలికాలంలో పడతాయి, మన వైపు వ్యవహారమే వేరు. అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు, వాటి జోలికి పోలేదు. చివరకు పరీక్షలయ్యాక మార్చి మొదటి వారం అనుకున్నాం. దానికీ ఒక పేచీ ఉంది. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఆ ఇసుక మీదికి వస్తాయి. కనుక దీవి మీద దిగనిస్తారో లేదో అటవీశాఖ వారినీ, పడవల వారినీ ముందుగా అడగాలి. దిగనివ్వకపోతే పడవలో చుట్టూ తిరిగి చూసి వస్తాం. తాబేలుకు గుడ్లు పెట్టుకునే చోటు కావాలి, మాకు చూస్తే చాలు.

ఇక అసలు పాట్లు కాగితాల దగ్గర.

ఇండియా వారి వీసా ఇప్పుడు కంప్యూటరులోనే అడగవచ్చు. ఆ ఫారంలో ఇంటిపేరు రాయడానికి ఒక గడి ఉంది. మా పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు లేదు. మన పిల్లలందరికీ బర్మా పేర్లే కదా, ఆ పేర్లలో ఇంటిపేరుకు తావు ఎక్కడిది? తాత ఇంటిపేరు అత్తయ్యకు తెలుసు, మాకూ తెలుసు, పెళ్ళి సంబంధాలప్పుడు చెప్పుకుంటాం. కాగితం మీద మాత్రం ఎక్కడా లేదు. పాస్‌పోర్టులో ఉన్నదే ఫారంలో రాయాలి. ఒక్క అక్షరం మారినా చిక్కే. గడి ఖాళీగా వదిలేశాం.

తరువాత ఇంకో గడి. ఇండియాలో మీకు తెలిసినవారి పేరు, చిరునామా, ఫోను నంబరు. అన్నయ్య అది బిగ్గరగా చదివాడు. ఎవరూ పలకలేదు. 1964 తరువాత మా చిన్నతాత కుటుంబం విశాఖపట్నం ఓడ ఎక్కింది. కొన్నేళ్ళు ఉత్తరాలు వచ్చాయి, తరువాత రాలేదు. తాత ఊరు తాళ్ళరేవు అవతల అన్నంత వరకే అత్తయ్యకు తెలుసు. మా తమ్ముడు వైజాగులో ఆ కుటుంబాన్ని వెతికి, వాళ్ళ పేరు రాసి, అప్పుడే వెళ్దామన్నాడు. తెలియని ఊరికి చుట్టాలింటికి పోయినట్టు పోవాలి గాని, సత్రానికి పోయినట్టు పోతామా అని వాడి బాధ. న్యాయమే. కాని వెతుకుతూ కూర్చుంటే ఎన్నేళ్ళు పడుతుంది? అరవై ఏళ్ళు ఉలుకూ పలుకూ లేకుండా, పదకొండుమందిమి సంచులతో గుమ్మంలో నిలబడితే వాళ్ళు మాత్రం ఏమనుకోవాలి? చివరకు ఆ గడిలో కాకినాడలో ఒక హోటలు పేరు రాశాం. రాసింది మా తమ్ముడే. రాసి లేచి బయటకు వెళ్ళిపోయాడు.

మేము చేసింది సరైనదేనని ఇప్పటికీ అనుకుంటున్నాం. ముందు సెలవులకు వెళ్ళే మనుషుల్లా వెళ్ళి నేల చూస్తాం. బంధుత్వం దొరికితే రెండో ప్రయాణం.

అన్నిటికన్నా పెద్ద చిక్కు అత్తయ్యది. 1982 పౌరసత్వ చట్టం వచ్చాక మన ఇళ్ళల్లో ఎన్ని రంగుల కార్డులున్నాయో మీకు తెలియనిది కాదు. గులాబీ, నీలం, ఆకుపచ్చ. ఒక కంచంలో తిన్నవాళ్ళకు మూడు రంగులు. మా అత్తయ్య దగ్గర ఆ మూడూ లేవు. ఇక్కడే పుట్టినా, తాత నాడు రాయించిన విదేశీయుల నమోదు కాగితమే ఆవిడది. దాని మీద పాస్‌పోర్టు రాదు. రెండేళ్ళుగా అర్జీ పెట్టి తిరుగుతున్నాం. ఆ దీవి సంగతి చెప్పింది ఆవిడ, మాలో తెలుగు తిన్నగా మాట్లాడేది ఆవిడ, వెళ్ళలేనిదీ ఆవిడే. ఇక్కడ ఆవిడ విదేశీయురాలు. విదేశం వెళ్దామంటే కాగితం లేదు.

ఇంకొక పేరు కూడా జాబితాలో పెన్సిలుతోనే రాసి ఉంది. 2024లో సైనికసేవ చట్టం అమలులోకి వచ్చాక వయసు పిల్లల ప్రయాణం ఇంటివాళ్ళ చేతిలో లేదు. మా అన్నయ్య కొడుకు సంగతి ఆఖరు వారం దాకా తేలదు.

అత్తయ్య కాగితం వచ్చేదాకా ఆగుదామని మేమంతా ఒక రాత్రి తీర్మానించుకున్నాం. పొద్దున్న ఆవిడకు చెబితే కోపం వచ్చింది. మేమెప్పుడూ చూడనంత కోపం. "నాకు ఎనభై దగ్గరపడ్డాయిరా. నా కాగితం కోసం మీరు కూర్చుంటే, నేను పోయాక మీకు ఆ దిబ్బ చూపించేవాడెవడు? ఇప్పుడైతే వచ్చి నాకు చెబుతారు" అంది. దాంతో మా నోళ్ళు మూతపడ్డాయి. అర్జీ అర్జీగానే ఉంటుంది, ప్రయాణం మాత్రం ఆగదు. మా మరదలు ఆవిడకు తోడుగా ఇంట్లో ఉండిపోతానంది. అడగకుండానే అంది.

అత్తయ్య ఇచ్చిన పనుల జాబితా మా దగ్గర ఉంది. చెక్కవంతెన దగ్గర నుంచి మడచెట్టు ఆకు ఒకటి తేవాలి (అభయారణ్యంలో ఆకు కోయనివ్వరని చెప్పాం, రాలినదే తెమ్మంది). తాళ్ళరేవులో ఇప్పటికీ ఎవరైనా చెక్క పడవలు కడుతున్నారేమో చూసి రావాలి. చొల్లంగిలో సముద్రస్నానం చేయాలి. అమావాస్య కాకపోయినా ఫరవాలేదట. పిల్లలు రోజూ సాయంత్రం ఆవిడ దగ్గర కూర్చుని తెలుగు మాటలు నేర్చుకుంటున్నారు. ఎంత, ఎక్కడ, మంచినీళ్ళు, కారం తగ్గించండి. ఆఖరి మాట ఎక్కువ సాధన చేస్తున్నారు. ఓడ మీది అబ్బాయి సెలవు పెట్టుకుని నేరుగా కోల్‌కతా వచ్చి కలుస్తాడు. మాల్టా చూసిన కళ్ళకు మా ఇసుకదిబ్బ ఆనుతుందో లేదో వాడే చెప్పాలి.

ఇంతే మా ఏర్పాట్లు. ఇక్కడున్న పెద్దల్లో ఎవరికైనా తాళ్ళరేవు, కోరంగి వైపు మనుషులు తెలిసి ఉంటే, లేదా 1964లో వెళ్ళినవాళ్ళ చిరునామాలు పాత ఉత్తరాల మీద ఉంటే, దయచేసి సభ అయ్యాక మాతో ఒక మాట చెప్పండి. మా అత్తయ్య ముందు వరుసలో ఎడమ వైపు కూర్చుంది. చెవి కాస్త తక్కువ, దగ్గరగా వచ్చి చెప్పాలి.