"మీ గురించి చెప్పండి" అన్నప్పుడు ఆటగాళ్లు ఏం చెప్పాలి?

(క్రీడాకారులైన యువతీయువకులకు ఏర్పాటు చేసిన ఉద్యోగ మార్గదర్శక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రభుత్వ కార్యాలయాలలో గుమస్తాలుగా పనిచేసి విరమించిన మేము కొందరం కలిసి కొన్నేళ్లుగా నిరుద్యోగ యువతకు దరఖాస్తులు నింపిపెడుతున్నాము. మా వద్దకు వచ్చేవారిలో ఆటగాళ్లను ఇట్టే గుర్తుపట్టవచ్చు. "ఏం ఆడతావు నాయనా?" అని అడిగితే "కబడ్డీ అంకుల్" అంటారు. "ఎక్కడిదాకా వెళ్లావు?" అంటే "స్టేట్" అంటారు. అక్కడితో సరి. ఏడెనిమిదేళ్ల శ్రమ రెండు మాటల్లో ముగిసిపోతుంది. ఇంటర్వ్యూలో కూడా ఇదే జరుగుతున్నది. ఆ రెండు మాటలను రెండు నిమిషాలకు ఎలా పెంచాలన్నదే ఈనాటి మా విషయం.

ముందుగా ఒక అపోహ తొలగించవలసి ఉన్నది. ప్రతి ఉద్యోగానికీ ఇంటర్వ్యూ ఉండదు. కేంద్ర ప్రభుత్వంలో గ్రూప్-సి, గెజిటెడ్ కాని గ్రూప్-బి ఉద్యోగాలకు 2016 జనవరి 1 నుంచి ఇంటర్వ్యూ తీసివేశారు. రైల్వే క్రీడా కోటాలో మొత్తం 100 మార్కులలో మైదానంలో చూపే నైపుణ్యానికి, దేహదారుఢ్యానికి, శిక్షకుల పరిశీలనకు కలిపి 40, గుర్తింపు పొందిన పోటీలలో సాధించిన విజయాలకు 50, చదువుకు 10 కేటాయించే పద్ధతి ఉన్నది. అంటే సగం మార్కులు కాగితానివే. అంతర్జాతీయ పోటీలకు ఫారం-1, జాతీయ పోటీలకు ఫారం-2, అంతర విశ్వవిద్యాలయ పోటీలకు ఫారం-3, జాతీయ పాఠశాలల క్రీడలకు ఫారం-4 అని కేంద్ర ప్రభుత్వ నమూనాలు ఉన్నాయి. ఒక్కొక్కదానిపై ఎవరు సంతకం చేయాలో కూడా నిర్ణయించి ఉన్నది. పోటీ నిర్వాహకులు ఇచ్చిన రంగుల ప్రశంసాపత్రం ఎంత అందంగా ఉన్నా ఈ ఫారానికి సాటి రాదు.

కాగితాల మాట వచ్చింది కనుక, పాత అలవాటుకొద్దీ పేర్ల సంగతి కూడా చెప్పనివ్వండి. పదో తరగతి మెమోలో "ఎండీ", ఆధార్‌లో "మొహమ్మద్", క్రీడా ధ్రువపత్రంలో "మహమ్మద్". అమ్మాయిల విషయంలో ఒకచోట "షేక్" ముందుంటుంది, మరోచోట వెనుక ఉంటుంది, ఇంకోచోట "బేగం" వచ్చి చేరుతుంది. బల్లకు అవతల కూర్చున్న అధికారికి అక్కడ ముగ్గురు మనుషులు కనిపిస్తారు. ఇంటర్వ్యూ గదిలో మొదటి ప్రశ్నే "ఈ ముగ్గురూ మీరేనా?" అన్నట్లయితే ఆ తరువాతి జవాబులన్నీ వణుకుతూనే వస్తాయి. పేర్లను ఇప్పుడే సరిచేయించుకోండి.

క్రీడా కోటా అందరికీ అందేది కాదు. వందమంది ఆడితే ఏ ఇద్దరికో అందుతుంది. మిగిలినవారు ప్రైవేటు పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయులుగానో, జిమ్‌లో శిక్షకులుగానో, క్రీడా సామగ్రి దుకాణంలోనో, ఏదైనా కంపెనీలోనో చేరవలసిందే. అక్కడ నోరు విప్పక తప్పదు.

"మీ గురించి చెప్పండి" అన్న ప్రశ్న తేలికగా కనిపిస్తుంది కాని అన్నింటికన్నా కష్టమైనది అదే. మన పిల్లలు ఎక్కువమంది తమ గురించి అడిగితే ఇంటి గురించి చెబుతారు. నాన్న ఆటో నడుపుతారు, అమ్మ కుట్టుపని చేస్తుంది, మేము అయిదుగురం అంటారు. అందులో సిగ్గుపడవలసినది ఏదీ లేదు. అయితే అడిగింది అది కాదు. ఉదాహరణకు 400 మీటర్లు పరుగెత్తే ఒక అమ్మాయి ఇలా చెప్పవచ్చు: "నేను బి.కాం. పూర్తి చేశాను. ఆరేళ్లుగా 400 మీటర్ల పరుగులో సాధన చేస్తున్నాను. మొదటి ఏడాది నాకు 75 సెకన్లు పట్టేది, ఇప్పుడు 62 సెకన్లు పడుతున్నది. విశ్వవిద్యాలయ జట్టు తరఫున పరుగెత్తాను. మా బస్తీలో పన్నెండుమంది చిన్నపిల్లలకు ఉదయం శిక్షణ ఇస్తున్నాను. వారి హాజరుపట్టిక, ఖర్చుల లెక్క నేనే రాస్తాను." దీనికి అర నిమిషం కూడా పట్టదు. "కష్టపడతాను", "క్రమశిక్షణ ఉంది" అన్న మాటలు ఇందులో ఎక్కడా లేవు. 75 నుంచి 62కు రావడానికి ఎన్ని తెల్లవారుజాములు పట్టి ఉంటాయో వినేవారే లెక్కవేసుకుంటారు. హాజరుపట్టిక, ఖర్చుల లెక్క అన్నచోట యజమాని తల ఎత్తి చూస్తాడని మా నమ్మకం. అతనికి కావలసింది పరుగు కాదు, పని అప్పగిస్తే చూసుకునే మనిషి.

"మీ బలహీనత ఏమిటి?" అని అడిగితే "అతిగా కష్టపడటమే నా బలహీనత" అనే జవాబు ఇప్పుడు ప్రతి నోటా వినిపిస్తున్నది. దయచేసి అది వద్దు. నిజమైన లోపం ఒకటి చెప్పి, దానికి ఏం చేస్తున్నారో చెప్పండి. ఇంగ్లీషులో ఉత్తరం రాయడం నెమ్మది, అందుకని రోజూ ఒక పేజీ రాస్తున్నాను అంటే చాలు.

ఓటమి గురించిన ప్రశ్న మాత్రం క్రీడాకారులకు దొరికిన వరం. ఇతరులు జవాబు కోసం జ్ఞాపకాలు తవ్వుకోవాలి, మీ ఓటములు స్కోరు పట్టికలోనే ఉంటాయి. ఏ పోటీలో, ఎంత తేడాతో, ఎందుకు ఓడారో, మరుసటి నెల సాధనలో ఏం మార్చారో చెప్పండి. ఎంపికలో అన్యాయం జరిగిందని మాత్రం అక్కడ చెప్పకండి. జరగలేదని మేము అనడం లేదు, జరిగిన సందర్భాలు మాకూ తెలుసు. దాని కోసం కొట్లాడే చోటు వేరు. ఉద్యోగమిచ్చేవాడి చెవికి అది ఫిర్యాదుగానే వినిపిస్తుంది. గాయం గురించి అడిగితే దాచకండి. మోకాలి కట్టు వైద్య పరీక్షలో ఎలాగూ బయటపడుతుంది. పోటీలకు సెలవు కావాలంటే ఏడాదిలో ఎన్ని రోజులు కావాలో, ఆ పనిని ఎలా పూడుస్తారో ముందే లెక్కకట్టి వెళ్లండి.

"అయిదేళ్ల తరువాత ఎక్కడ ఉంటారు?" అన్న ప్రశ్నకు మనవారు "దేశానికి ఆడతాను" అంటారు. ఆశ మంచిదే. నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2022లో, 2023లో ప్రపంచ బాక్సింగ్ విజేతగా నిలిచింది. ఆటో నడిపే తండ్రి కొడుకు మొహమ్మద్ సిరాజ్ భారత జట్టు బౌలరయ్యాడు. ఇద్దరినీ తెలంగాణ ప్రభుత్వం 2024లో డీఎస్పీలుగా నియమించింది. అందరికీ ఆ ఎత్తు అందదు కనుక మరో పేరు కూడా గుర్తుంచుకోమంటాము. సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా బడిపంతులు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలో భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించింది. ఆటగాడి కాళ్లకు వయసు ఉంటుంది, శిక్షకుడి బుర్రకు అంత తొందరగా రాదు. కాబట్టి "మూడేళ్లు ఆడతాను, ఈలోపు శిక్షకుల కోర్సు పూర్తి చేస్తాను" అన్న జవాబును ఎవరూ తేలికగా తీసిపారేయలేరు.

ఇక మన పిల్లలకు మాత్రమే ఎదురయ్యే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. "రంజాన్‌లో పని చేయగలరా?", "శుక్రవారం సెలవు అడుగుతారా?", "తలపై ఈ గుడ్డతో ఎలా ఆడతారు?", అమ్మాయిలయితే "పెళ్లయ్యాక మానేస్తారా?". కొందరు తెలియక అడుగుతారు, కొందరు తెలిసే అడుగుతారు. గదిలో కూర్చుని అది తేల్చుకోవడం కష్టం, తేల్చుకోనక్కరలేదు కూడా. నిజమైన అనుభవమేదో క్లుప్తంగా చెప్పండి: "గత మూడు రంజాన్‌లలో ఇఫ్తార్ తరువాత సాధన చేశాను, ఒక్క రోజు కూడా తప్పలేదు." తలగుడ్డకు ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా 2014లో, బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా 2017లో అనుమతి ఇచ్చాయని చెబితే వారికీ ఒక కొత్త విషయం తెలుస్తుంది. పెళ్లి గురించి అయితే "నా పని గురించిన నిర్ణయం నాదే" అనండి, గొంతు పెంచకుండా. చిరునామా అడిగినప్పుడు బస్తీ పేరు మింగేసి పక్క కాలనీ పేరు చెప్పే పిల్లలను చూశాము. అది వద్దు.

ప్రభుత్వ ఉద్యోగాలలో మతం, కులం, లింగం, పుట్టిన చోటు, నివాసం వంటి కారణాలతో వివక్ష చూపరాదని రాజ్యాంగంలోని 16(2) అధికరణం చెబుతున్నది. ప్రైవేటు యజమానిపై ఆ అధికరణం నేరుగా పనిచేయదు. అందువల్లనే గది నుంచి బయటికి రాగానే తేదీ, సమయం, అడిగిన మాట అడిగినట్లుగా రాసిపెట్టుకోండి. అర్జీ పెట్టవలసి వస్తే అది అక్కరకు వస్తుంది. నోటిమాటగా చెప్పిన ఫిర్యాదుకు ఫైలు తెరుచుకోదు, ఇది మేము జీతం తీసుకొని నేర్చుకున్న విద్య. సచార్ కమిటీ 2006లో ఇచ్చిన నివేదిక ప్రకారం రైల్వే ఉద్యోగులలో ముస్లింలు 4.5 శాతమే, వారిలోనూ దాదాపు అందరూ కింది మెట్లపైనే ఉన్నారు. ఆటగాళ్లకు దేశంలోకెల్లా ఎక్కువ ఉద్యోగాలిచ్చే సంస్థలలో రైల్వే ఒకటి. ఆ శాతంలో ఒక అంకె మారాలంటే అది ఈ గదిలో కూర్చున్నవారితో కూడా మారవచ్చు.

జీతం ఎంత కావాలంటే "మీ ఇష్టం సార్" అనకండి. ఆ ఊళ్లో ఆ పనికి ఎంత ఇస్తున్నారో ముందే కనుక్కొని వెళ్లి ఒక అంకె చెప్పండి.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఇంటర్ పూర్తికాగానే అమ్మాయి ఆట మాన్పించే ఇళ్లు మనలో చాలా ఉన్నాయి. అంతర విశ్వవిద్యాలయ పోటీలకు ఇచ్చే ఫారం-3 డిగ్రీలో చేరి ఆడితేనే వస్తుంది. సరిగ్గా ఆ మెట్టు ముందే బిడ్డను ఆపుతున్నాము.

వచ్చే రెండో ఆదివారం ఇదే హాలులో నమూనా ఇంటర్వ్యూలు జరుపుతాము. ప్రశ్నలు అడిగేది విశ్రాంత ప్రధానోపాధ్యాయురాలు ఒకరు, ఆమె సులభంగా వదిలే మనిషి కాదు. ఫారాలపై సంతకాలు కానివారు ఈరోజే మా వద్ద పేరు రాయించుకోండి. జిల్లా క్రీడా సంఘాల కార్యదర్శుల వద్దకు మీతోపాటు మేమూ వస్తాము.